కనబడని సన్నాయికి ఎంత పెట్టొచ్చు

జమ్మికుంట బ్యాండులో కీబోర్డు వాయించే ఒకతను మొన్న వేసవిలో నాకు ఫోన్ చేశాడు. నన్ను అక్కా అంటాడు, నేనతన్ని తమ్మీ అంటాను. ఇద్దరు పిల్లల తండ్రే గాని, వాయిద్యాల విషయంలో ఏది కొనాలన్నా నన్ను అడగందే అతనికి అన్నం సయించదు.

"అక్కా, నువ్వు పెండ్లిళ్లల్ల సన్నాయి వాయించే గా పాత సాఫ్ట్‌వేర్ లేదా, గది ఇంకా అమ్ముతుండ్రు. ఇన్నేండ్లయినా ధర జరంత గూడ తగ్గలే. కొనాల్నా, వద్దా?"

తెలియని సంగతుల మీద కూడా గట్టిగా అభిప్రాయం చెప్పే అలవాటు నాది. మా ఇంటాయన ఈ మాట నలుగురిలో చెప్పి నన్ను నవ్వులపాలు చేస్తుంటాడు. అలాంటిది, ఏళ్ళ తరబడి నా వేళ్ళ కింద ఉన్న దాని గురించి అడిగితే మాత్రం, "మా మేనకోడలి పెండ్లి అయినంక చెప్త తీ" అని ఫోన్ పెట్టేశాను.

అసలు అదేమిటో ముందు చెప్పాలి. అది కంప్యూటర్‌లో ఉండే వాయిద్యం. చేత్తో పట్టుకోవడానికి ఏమీ ఉండదు. కంప్యూటర్‌కు కీబోర్డు తగిలించి మెట్టు నొక్కితే పలుకుతుంది. ఎవరో ఊదినదాన్ని రికార్డు చేసి దాచుకున్నది కాదు, శబ్దాన్ని తానే పుట్టిస్తుంది. మొదట తుమ్మెద రొదలాంటి మోత ఒకటి ఇస్తుంది. తెర మీది గుండ్రటి మీటలు తిప్పుకుంటూ ఆ మోతను మనమే చెక్కుకోవాలి. వేణువు చేసుకుంటామో, మోటారు సైకిల్ చేసుకుంటామో మన ఓపిక. నేను కొన్నప్పుడు అది కొత్తగా వచ్చింది. ఇప్పుడు దాని ముఖం చూస్తే జాలేస్తుంది. బూడిద రంగు పెట్టె, చీమల్లాంటి అక్షరాలు. ఈ మధ్య వస్తున్నవాటి పక్కన పెడితే ఇస్త్రీ లేని చొక్కాతో పెళ్ళికొచ్చిన మనిషిలా ఉంటుంది.

కరీంనగర్‌లో పుస్తకాల దుకాణం పైన గది అద్దెకు తీసుకుని పాటలు రికార్డు చేస్తాను. బతుకమ్మ పాటలు, జాతర పాటలు, ఎన్నికలొస్తే పోటీలో ఉన్నవాళ్ళందరి పాటలూ. ముహూర్తాల రోజుల్లో బ్యాండుతో పెళ్ళిళ్ళకు పోతాను. అప్పగింతలప్పుడు సన్నాయి నాదే. అంటే, కీబోర్డు మీద. నిజం సన్నాయిని తుడిచి పెట్టాను గాని ఏనాడూ ఊదలేదు.

ఊదింది మా బాపు.

మాది భైంసా దగ్గర పల్లె. ఆ దిక్కు తెలుగు వాళ్ళ పెళ్ళికీ మరాఠీ వాళ్ళ పెళ్ళికీ బాపునే పిలిచేవారు. ఆ విద్య మా తమ్ముడికి నేర్పాలని బాపు చేయని ప్రయత్నం లేదు. సన్నాయి కనబడితే చాలు, వాడు పెరటి గోడ దూకేవాడు. నేను నేర్చుకుంటానంటే, "ఆడిపిల్ల సన్నాయి ఊదుడేంది?" అని నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ మంట ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు. నా పోరు పడలేక చివరికి పేటీ, అదే హార్మోనియం, కొనిచ్చాడు. నా వేళ్ళకు మెట్లు అలవాటైంది అట్లా.

బాపు అన్ని పాటలూ ఊదేవాడు గాని, ఆయన్ను వెతుక్కుంటూ వచ్చేది అప్పగింతల కోసం. మా దిక్కు అప్పగింతలకు పళ్ళెంలో పాలు పోస్తారు. పిల్ల చేతులు ఆ పాలలో ముంచి అత్త చేతికి, మామ చేతికి, ఆడబిడ్డ చేతికి వరసగా అందిస్తారు. అన్నీ అయ్యాక కన్నతల్లి ఒకసారి ఆ తడి చేతిని పట్టుకుంటుంది. అప్పుడు అందరూ పెళ్ళికూతురి ముఖం చూస్తారు. సన్నాయి ఊదేవాడు మాత్రం తల్లి చేతిని చూడాలి. బాపు పద్ధతి అది. తల్లి పట్టుకున్నంతసేపు ఒకే స్వరం మీద నిలబడాలి. ఆమె విడిచాకే కిందికి దిగాలి. అందుకే అప్పగింతలకు రికార్డు పాట పెడతామంటే ఆయనకు కోపం వచ్చేది.

"గా డబ్బ తల్లి చెయ్యి ఎట్ల జూస్తది? దానికి కండ్లున్నయా?" అనేవాడు.

మునుపు బాపు బుగ్గల్లో గాలి దాచుకుని, ముక్కుతో పీల్చుకుంటూ, ఎంతసేపైనా స్వరం తెగకుండా నిలిపేవాడు. వయసు మీద పడి ముందుపళ్ళు ఒక్కొక్కటే ఊడాయి. పెదవులకు ఆసరా పోయింది. గాలి పక్కల నుంచి జారిపోయేది. నిలబెట్టిన స్వరం సన్నబడి, కాస్త వణికి, పుటుక్కున తెగేది. చిత్రమేమిటంటే, ఆ తెగిన చోటే తల్లులు చేయి విడవడం మొదలుపెట్టారు. వాళ్ళకు అదొక సైగ అయింది. బాపు మాత్రం సిగ్గుతో చితికిపోయాడు. కట్టుడు పళ్ళు పెట్టించుకుంటే, మొదటి పెళ్ళిలోనే అవి సన్నాయితో పాటు బయటికొచ్చాయి. పెళ్ళిపందిరంతా నవ్వింది. ఆ రోజే ఇంటికొచ్చి సన్నాయిని గుడ్డలో చుట్టి సజ్జ మీద పెట్టేశాడు.

బాపు కరీంనగర్‌లో మాతోనే ఉండడానికి వచ్చిన ఆ ఏడాదే నేను సాఫ్ట్‌వేర్ కొన్నాను. అప్పట్లో ఒక మంచి కుట్టుమిషన్ వచ్చే ధర. నాకు తెలిసిన వాళ్ళంతా దొంగ కాపీలే వాడేవారు. దొంగసొమ్ముతో మంగళవాద్యం వాయించనని నా పంతం. బాపు చూపించమన్నాడు. తెర మీద చూపించాను. ఆయన లేచి కంప్యూటర్ వెనక్కి వెళ్ళి అక్కడ కూడా చూసి వచ్చాడు.

"కనవడని దానికి గంత ధరనా? నా సన్నాయి జన్మల గంత పలుకలే!"

మీటలు తిప్పి సన్నాయి లాంటిది ఒకటి తయారుచేసి వినిపించాను.

"గిది సన్నాయి గాదు. బస్సు హారన్."

ఇంకొంత తిప్పాను.

"ఇప్పుడు జర నయం. ఆటో హారన్."

నేను హెడ్‌ఫోన్లు విసిరికొట్టాను. "గీ కోపం ఉన్నోళ్లకు ఊదుడు రాదనే నేర్పలే" అని బాపు లేచిపోయాడు. మర్నాడు పొద్దున్నే ఆయనే వచ్చి కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు.

ఆ వానాకాలమంతా అట్లాగే గడిచింది. ఆయనకు మీటల పేర్లు తెలియవు. ఆయన మాట ఏ మీటకు తగులుతుందో నాకు తెలియదు. "జర ముక్కుల మాట్లాడాలె" అనేవాడు. "గొంతు ఎండినట్టుండాలె" అనేవాడు. ఇంకోరోజు, "ఉమ్మి తగిలిన సప్పుడేది?" అనేవాడు. నేను విసుక్కుంటూనే తిప్పేదాన్ని. ఆయన తల అడ్డంగా ఊపేవాడు. మధ్యలో చాయ్ తాగి మళ్ళీ పోట్లాడుకునేవాళ్ళం. నా జీవితంలో బాపు నాకు సన్నాయి నేర్పింది ఆ వానాకాలమే, ఇద్దరమూ ఆ మాట పైకి అనుకోలేదంతే.

ఒకరోజు అంతా కుదిరిందని అనుకున్నాను. బాపు కళ్ళు మూసుకుని విని, "అన్నీ బాగనే ఉన్నయి గని, గిది ఊపిరి తీస్కుంటలేదేంది? మనిషి గాదా?" అన్నాడు.

నిజమే. మెట్టు నొక్కి పట్టుకుంటే స్వరం ఎంతసేపైనా పోతూనే ఉంటుంది. అదే దాని గొప్ప అనుకున్నాను నేను. ఆ సాఫ్ట్‌వేర్‌లో ఒక మూలన నిలకడ లేని మీట ఒకటి ఉంది. తయారుచేసినవాళ్ళ లోపమో ఏమో, దాన్ని కొంచెం తిప్పితే స్వరం కాసేపటికి సన్నబడి, వణికి, తెగేది. ఒకసారి తెగిన చోట ఇంకోసారి తెగేది కాదు. తిప్పి వినిపించాను.

బాపు కళ్ళు తెరిచి తెర వైపు చూశాడు.

"గిది నేనే" అన్నాడు. "పండ్లు వోయినంక నేను."

మార్చేయనా అని అడిగాను.

"ఉండనియ్యి" అన్నాడు.

ఆ సన్నాయితో కరీంనగర్ చుట్టుపక్కల ఎన్నో పెళ్ళిళ్ళు చేశాను. కాళ్ళు ఆడినన్నాళ్ళు బాపు కూడా వచ్చి నా పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేవాడు. నేను మెట్టు మీద వేలు పెట్టి ఉంచేదాన్ని, స్వరం దానంతటదే తెగేది, తల్లి చేయి విడిచేది. ఎవరైనా విడవకపోతే మళ్ళీ నొక్కేదాన్ని. రెండోసారి తెగాక పట్టుకుని ఉన్న తల్లిని నేను చూడలేదు. మిగతా బ్యాండుల వాళ్ళు కూడా నా దగ్గరికొచ్చి తమ పాటల్లో ఆ సన్నాయే పెట్టించుకునేవారు.

బాపు పోయి కొన్నేళ్ళయింది. ఆయన ఊదిన క్యాసెట్లు చెమ్మకు బూజు పట్టి పాడయ్యాయి. తమ్ముడి బిడ్డ, నా మేనకోడలు, ఆయన ఒళ్ళో పెరిగిన పిల్ల. "నీ అప్పగింతలు నేనే ఊదుత" అని దాన్ని ఎత్తుకున్నప్పుడల్లా చెప్పేవాడు. పళ్ళు పోయాక, "మీ అత్త కంపూటర్ల ఊదుత" అని మాట మార్చాడు. మొన్న వేసవి మొదట్లో దానికి సంబంధం కుదిరింది. లగ్గం పెట్టుకున్న రోజే నా దగ్గరికొచ్చింది.

"అత్తా, తాత సన్నాయే వెట్టాలె. ఇంకోటి వెడితే నేను కారెక్క."

"ఇంకోటి ఎందుకు వెడ్త?" అన్నాను.

ఆ మాట అన్న నెలలోనే నా లాప్‌టాప్ చచ్చిపోయింది. బాగుచేసే అతను మూత తెరిచి చూసి, చావు ఇంటికొచ్చినవాడిలా తల దించుకున్నాడు. దుబాయిలో కొన్నేళ్ళు చేసి వచ్చి మా తమ్ముడు ఇక్కడే సెల్‌ఫోన్ల దుకాణం పెట్టుకున్నాడు. వాడే కొత్త లాప్‌టాప్ తెచ్చిచ్చాడు. దాంట్లో నా పాత సాఫ్ట్‌వేర్ ఎక్కదట. అందులోనే కొత్త రకం కొనాలట. ధర దాదాపు అప్పటంతే.

"పాత సరుకుకు మళ్ల పైసలు వెట్టుడేంది అక్కా? సన్నాయిలు ఫ్రీగ దొరుకుతయి" అన్నాడు తమ్ముడు. అక్కడికక్కడే ఒకటి దించి పెట్టాడు. ఎవరో గొప్ప విద్వాంసుడు పెద్ద హాలులో కూర్చుని ఒక్కొక్క స్వరం ఊదితే రికార్డు చేసినది. అబద్ధమెందుకు, బాపు కంటే బాగా ఊదాడు. విని నేను కూడా పడిపోయాను.

దాన్ని తీసుకుని సుల్తానాబాద్‌లో ఒక పెళ్ళికి పోయాను. భోజనాలు నడుస్తున్నాయి. పాల పళ్ళెం తెచ్చి పెట్టారు. పెళ్ళికూతురి తల్లి ఒక మూల బట్టల సంచీ సర్దుతోంది. నేను అప్పగింతల పాట ఎత్తుకున్నాను. ఒక్కరూ తల తిప్పలేదు. చప్పుడు పెంచాను. బగారన్నం వరసలో నిలబడ్డ ఒక పెద్దమనిషి, "గా సినిమా మ్యూజిక్ జర తగ్గియ్యుండ్రి, మాటలు వినవడ్తలేవు" అని అరిచాడు. ఇంతలో పెళ్ళికూతురి తండ్రి చెమట తుడుచుకుంటూ నా దగ్గరికొచ్చాడు.

"అక్కా, అందరం మీకోసమే చూస్తున్నం. అప్పగింతల సన్నాయి షురూ జేయుండ్రి, యాళ్ల దాటుతుంది."

"వాయిస్తనే ఉన్న గద!" అన్నాను.

ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. "గిది గాదక్కా. అసలుది. మా పెద్దబిడ్డ పెండ్లికి వెట్టిన్రు గద, గది."

చివరికి బ్యాండు అతను మైకులో, "అప్పగింతలు మొదలైనయి, అందరు రాండ్రి" అని చెప్పాల్సి వచ్చింది. తల్లి పరుగున వచ్చి పిల్ల చేయి పట్టుకుంది. ఎప్పుడు విడవాలో తెలియక నా ముఖం చూసింది, గాభరాగా విడిచేసింది. ఆ పిల్ల పొడి కళ్ళతో, ఏదో మరిచిపోయినదానిలా అటూ ఇటూ చూస్తూ కారెక్కింది. ఆ పిల్లకు జరగాల్సింది జరగలేదని నాకు తెలుసు. బస్సులో తిరిగొస్తుంటే మొదట నవ్వొచ్చింది. మహా విద్వాంసుడి నిజం సన్నాయి సినిమా సంగీతమైంది, నా డబ్బా సన్నాయి అసలుదైంది. ఈ చుట్టుపక్కల పుట్టి పెరిగిన పిల్లలకు అప్పగింతలంటే పళ్ళు పోయిన మా బాపు ఊపిరి. అది తట్టాక నవ్వు ఆగిపోయి ఏడుపొచ్చింది. పక్కసీటు ఆవిడ నన్ను చూసి మంచినీళ్ళ సీసా ఇచ్చింది.

మర్నాడే తమ్ముడికి చెప్పకుండా ఆ సాఫ్ట్‌వేర్ మళ్ళీ కొన్నాను. మేము చెక్కిన సన్నాయి నకలు నా మెయిల్‌లో భద్రంగా ఉంది. తెరిచాను. అక్షరాలు కాస్త పెద్దవి చేశారు, అంతే తేడా. మెట్టు నొక్కాను. ముక్కులో మాట, ఎండిన గొంతు, ఉమ్మి తడి, అన్నీ ఉన్నాయి. బాపు గదిలోకి వచ్చినట్టే అయింది. అట్లాగే వేలు పెట్టి ఉంచాను. స్వరం పోతూనే ఉంది. సన్నబడలేదు, వణకలేదు. ఎంతకీ తెగలేదు.

కంపెనీకి రాసి అడిగాను. మర్యాదగా జవాబిచ్చారు. పాతదాంట్లో ఆ మీట నిలకడగా ఉండేది కాదని, దాన్ని సరిచేశామని సంతోషంగా చెప్పారు. నా కోపం ఎవరి మీద చూపించను? వాళ్ళ వరకు వాళ్ళు చేసింది మంచి పనే. స్వరం కొంతసేపటికి తెగేట్టు నేనే వేరే మీటతో చేసి చూశాను. ప్రతిసారీ అదే చోట, కత్తెర పెట్టినట్టు తెగింది. బాపు ఉంటే ఏమంటాడో నాకు వినబడింది. కరెంటు వోయినట్టుంది అంటాడు. దాన్ని తీసేశాను. కొనాల్నా వద్దా అని జమ్మికుంట తమ్ముడు ఫోన్ చేసింది సరిగ్గా ఆ రోజుల్లోనే. పెట్టిన ధర దండగైందా, దక్కిందా అని నాకే తేలలేదు. మేనకోడలికి కూడా చెప్పలేదు. చెప్పి దాని ముఖం చూసే ధైర్యం లేకపోయింది.

పెళ్ళి కరీంనగర్ శివార్లలో ఒక ఫంక్షన్ హాలులో జరిగింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక పాల పళ్ళెం తెచ్చారు. నేను మొదటి స్వరం నొక్కాను. తింటున్నవాళ్ళు చేతులు కడుక్కుని లేచారు. ముసలమ్మలు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఎవరూ మైకులో పిలవలేదు. సన్నాయిలంటే గోడలు దూకిన మా తమ్ముడు స్తంభం వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. మేనకోడలు తలెత్తి నన్ను ఒకసారి చూసింది. అప్పుడే దాని కళ్ళు నిండిపోయాయి. పెట్టిన ధర అంతా ఆ ఒక్క చూపులో వచ్చేసిందనుకున్నాను.

అత్త చేయి, మామ చేయి, ఆడబిడ్డ చేయి అయిపోయాయి. ఒడిబియ్యం మూటను ఒక చేత్తో పొట్టకు అదుముకుని పిల్ల తన తల్లి ముందుకొచ్చి నిలబడింది. మా మరదలు బిడ్డ తడి చేతిని పట్టుకుంది. నేను ఆ స్వరం మీదికి వచ్చి నిలబడ్డాను.

చేతినే చూస్తున్నాను. ఇద్దరి వేళ్ళ మధ్య నుంచి పాలు చీర మీదికి కారుతున్నాయి. స్వరం నడుస్తోంది. మరదలు విడవలేదు. పెళ్ళికొడుకు తరఫువాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. అయినా విడవలేదు. ఆమె చూపు బిడ్డ ముఖం మీద లేదు, నా కీబోర్డు పక్కన ఉన్న స్పీకర్ మీద ఉంది. ఆమె దేనికోసం చూస్తోందో అప్పుడు నాకు అర్థమైంది. ఆమె ఒక్కతే కాదు, కొంగులు అడ్డం పెట్టుకున్న వాళ్ళంతా దానికోసమే చూస్తున్నారు. ఇన్నేళ్ళూ పిల్లల్ని పంపింది బాపు. నేను వేలు పెట్టి ఉంచానంతే.

ఇంకొంచెం ఉంచాను. ఇంకొంచెం. తర్వాత వేలు తీశాను.

హాలులో ఫ్యాన్ల చప్పుడు వినబడింది. మరదలు చేయి విడిచింది.

కారు వెళ్ళిపోయాక ఆమె వచ్చి నా పక్క కుర్చీలో కూలబడింది. బాపు కూర్చునేలాంటి ప్లాస్టిక్ కుర్చీయే.

"మామ ఊపిరి తెగుతదేమో, అప్పుడు ఇడుద్దామని చూసిన వదినా" అంది. "తెగనే తెగలే."

"ఇప్పుడు తెగది. నేనే వేలు తీసిన."

ఆమె పాలతో జిగటగా ఉన్న తన చేతిని నా చేతిలో పెట్టింది.

"ఇంక జరసేపు ఉంచకపోయినవ్" అంది.

సాయంత్రం ఇంటికొచ్చి, మాట ఇచ్చాను కదా అని జమ్మికుంట తమ్ముడికి ఫోన్ చేశాను.

"కొను తమ్మీ. పెట్టిన ధరకు తగినదే. నా సన్నాయి గూడ పంపిస్త. గని దాంట్ల ఊపిరి తెగది. ఎప్పుడు ఆపాల్నో నువ్వే చూస్కోవాలె."

"గదేం పెద్ద పని అక్కా! వేలు తీస్తే ఆగుతది గద."

"అవు తమ్మీ" అన్నాను. "వేలు తీస్తే ఆగుతది."